పొరుగింటివారితో మెదకు దేవాలయమునకు

పండుగనాడు పిండివంటల పళ్లెమును పొరుగింటికి బంపుట మన యిండ్లలో వాడుకయే. క్రిస్మసునాడు మా అరిసెలు గోడ దాటి ఆవలికి బోవును. సంక్రాంతికి వారి సకినాలు మా యింటికి వచ్చును. కాని “మాతో గుడికి రండు” అను మాట మాత్రము పదునాలుగేండ్లుగా మా నోట రాలేదు. పిలిచినచో, తమ్ము మా మతమున గలుపుకొన జూచుచున్నామని వారు తలంతురేమోయని మాకు వెరపు. పిలువకుండుటయు వారి మనసును నొప్పించునని మాకు దోచనేలేదు.

2024వ సంవత్సరపు క్రిస్మసునకు మెదకు మహాదేవాలయమునకు నూరేండ్లు నిండినవి. హైదరాబాదునుండి ప్రయాణమగుచు, మేము ధైర్యము దెచ్చుకొని పొరుగింటి వదినెగారితో, “మాతో మెదకునకు రారాదా వదినా? చూచి, కూర్చుండి, తిరిగి వత్తము. అంతకు మించి మిమ్మేమియు నడుగము” అంటిమి. ఆమె నవ్వి, “ఎప్పుడు పిలుతురా యని పదునాలుగేండ్లనుండి చూచుచున్నాము” అనెను. మా తలలు వంగినవి. ఆమె అత్తగారును బయలుదేరిరి.

మెదకు హైదరాబాదునకు ఉత్తరముగ సుమారు 100 కిలోమీటర్ల దూరము. ఊరు చేరకముందే, సుమారు 175 అడుగుల యెత్తుగల ఆ గంటగోపురము కనబడును. ముందునాటి రాత్రి బంధువులయింట విశ్రమించి, తెల్లవారుజామున చలిలో శాలువలు గప్పుకొని దేవాలయము చేరితిమి. లోపల 5,000 మంది వరకు కూర్చుండ వచ్చునందురు. అయినను జనము ఆవరణమంతయు నిండియుండిరి. మేము ముందుగ వచ్చుటచే ఒక స్తంభము చెంత చోటు దొరకెను. ప్రభుభోజన సంస్కారమునకు సంఘసభ్యులు లేచిపోవుదురనియు, తక్కినవారు కూర్చుండియుండుట తప్పు కాదనియు మేము ముందే చెప్పియుంటిమి. కావున మా అతిథులకు ఇబ్బంది కలుగలేదు.

చీకటి యున్నంతసేపు ఆ రంగుటద్దముల కిటికీలు నల్లని గోడలవలె నుండెను. ప్రొద్దు పొడిచినకొలది, బలిపీఠము వెనుకనున్న కిటికీలో క్రీస్తు ఆరోహణ చిత్రము వెలిగెను. పిదప ఒక ప్రక్క జననము, వేరొక ప్రక్క సిలువ కనబడెను. ఇవి ఆంగ్లచిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ రచించినవి. అత్తగారు జననచిత్రమును జూచి, “పసులపాకలో పురుడా? ఆ తల్లికి ఎవ్వరును చోటీయలేదా?” అని యడిగిరి. లేదంటిమి. ఆమె చాలసేపు మాటాడలేదు.

వెలుపల చెట్టునీడను పులిహోర తినుచు, ఈ మందిరపు కథ చెప్పితిమి. పాదిరి చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో దీనిని ప్రారంభింపగా, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. నడుమ యుద్ధమును, కరువును వచ్చి ప్రజలు ఆకలితో నలమటించిరి. ఊరక యన్నము పెట్టుటకంటె పని కల్పించి పెట్టుట మేలని తలచి, చుట్టుప్రక్కల పల్లెవారిచే ఈ రాళ్లు మోయించిరి. “అట్లయిన ఇది కూడు పెట్టిన గుడి, మా వంటివారి చేతులును ఇందున్నవి” అని అత్తగారు రాతిగోడను తాకి నమస్కరించిరి.

తిరుగుదారిలో ఆమె, “శివరాత్రికి ఏడుపాయల జాతర. దుర్గమ్మతల్లి సన్నిధికి మీరును రావలె” ననిరి. అప్పుడు గాని పిలువబడువారి సంకోచ మెట్టిదో మాకు దెలియలేదు. “పోవచ్చునా?” యని మా యింట రెండు దినములు చర్చ జరిగెను. తుదకు 2025 ఫిబ్రవరిలో పోయితిమి. మంజీర యేడు పాయలుగ జీలిన యాచోట మమ్మెవ్వరును ఏమియు నడుగలేదు; నీడను కూర్చుండబెట్టి భోజనము పెట్టిరి.

సోదరీమణులారా! క్రిస్మసు చోటు దొరకని తల్లి కథ. అట్టి పండుగ చేసికొనువారు గుమ్మమున నిలిచి పొరుగువారిని బిలువకుండుట తగదు. పిలుపులో మర్మముండరాదు, వచ్చినవారికి చోటుండవలెను, రానివారిపై అలుక యుండరాదు. వారు పిలిచిననాడు మనమును లేచి పోవలెను.