ఇరుగుపొరుగు సంబరం

‘సంబరం’ అంటే సంతోషమని తెలుగువారందరికీ తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో ఆ మాటకు మరొక అర్థం కూడా ఉంది. గ్రామదేవతకు ఊరంతా కలిసి చేసే ఉత్సవాన్ని అక్కడివారు సంబరమనే పిలుస్తారు. తలుపులు మూసుకొని ఒంటరిగా అనుభవించే ఆనందం ఆ మాటలో ఇమడదు. పదిమంది కూడినప్పుడే అది సంబరమవుతుంది. సంతోషానికీ సమష్టి ఉత్సవానికీ ఒకే పేరు పెట్టుకున్న ప్రజల జీవనదృష్టి ఎటువంటిదో ఆ పేరే చెబుతుంది.

శ్రీకాకుళం జిల్లాలోని కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరకు ప్రసిద్ధి పొందింది. జాతరకు వచ్చినవారికి కనిపించేది ఉత్సవవైభవం మాత్రమే. దాని వెనుక ఎన్నో దినాల శ్రమ ఉంటుంది. ఈ ప్రాంతపు పల్లెలలో సంబరం చేయదలచినప్పుడు ముందుగా పెద్దలు ఒకచోట కూర్చుని ముహూర్తం నిర్ణయిస్తారు. ఊరిలో చాటింపు వేయిస్తారు. ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేస్తారు. ఉన్నవాడు ధనమిస్తాడు, లేనివాడు పందిరి రాటలు పాతుతాడు. అత్తవారిళ్ళలో ఉన్న ఆడపడుచులకు కబురు వెళుతుంది. బతుకుతెరువు కోసం విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై వంటి నగరాలకు వలసపోయిన కుటుంబాలు సొంత ఊరి దారి పడతాయి. స్త్రీలు పసుపు కుంకుమలతో అలంకరించిన ఘటాలను తలకెత్తుకుంటారు. తప్పెటగుళ్ళ కళాకారులు ఛాతీకి తప్పెటలు, కాళ్ళకు గజ్జెలు కట్టుకొని ఆడుతుంటే వీధి అంతా మారుమోగుతుంది.

అయితే సంబరపు సారం ఆటపాటలలో కంటే ఆ ఇంటింటి ప్రయాణంలోనే ఎక్కువగా ఉంది. చందా అడగడానికి వెళ్ళినవాడు చందాతో మాత్రమే తిరిగిరాడు. ఏ ఇంట్లో ముసలితల్లి మంచం పట్టిందో, ఎవరి పంట దెబ్బతిన్నదో, ఏ గడపలో ఈ ఏడు చేయి చాచరాదో అతనికి తెలుస్తుంది. ఉత్సవం పేరిట ఊరు తన యోగక్షేమాలను తానే విచారించుకుంటుంది.

విజయదశమి తరువాత వచ్చే మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో ఈ సహకారం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పొడవైన మాను కొన మీద పూజారి ఆసీనుడై ఉండగా, ఆ సిరిమాను మూడు లాంతర్ల వద్దనున్న ఆలయం నుండి కోట వరకు మూడుసార్లు సాగుతుంది. దానికి ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. చేపలు పట్టే వల అమ్మవారి ఊరేగింపులో గౌరవస్థానం పొందడం గమనింపదగినది. పనిముట్టుతో వచ్చినవాడు ఆ పనిముట్టుతోనే పూజ్యుడవుతున్నాడు. ప్రతివారికీ ఒక పాత్ర ఉన్నప్పుడే ఉత్సవం అందరిదీ అవుతుంది.

పాత సంబరాలన్నీ నిర్దోషమైనవని చెప్పడం సత్యదూరమే అవుతుంది. డప్పు మోగనిదే పండుగ కదలదు. కాని ఆ డప్పు వాయించినవానికి భోజనపంక్తిలో చోటులేని కాలం ఒకటి ఉండేది. పని అందరి చేతా చేయించుకొని, పక్కన కొందరినే కూర్చోబెట్టుకున్న సంబరం అసంపూర్ణమైనది. నేటి తరం పూర్వుల నుండి ఇంటింటికీ వెళ్ళి పిలిచే అలవాటును స్వీకరించాలి; పంక్తిభేదాన్ని విడిచిపెట్టాలి.

నగరజీవనంలో ఈ పిలుపు మరింత అవసరం. అక్కడ గోడకు గోడ ఆనుకొని ఉంటుంది. మనిషికి మనిషి ఆనడు. ఎదురింటివారి పేరు తెలియకుండానే సంవత్సరాలు గడిచిపోతాయి. పారిస్ నగరంలో ఒక వృద్ధురాలు తన ఇంట్లో మరణించగా, నెలల తరబడి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ఈ ఘటన అటనాజ్ పెరిఫాన్ అనే స్థానిక ప్రజాప్రతినిధిని కలచివేసింది. ఆయన చొరవతో 1999లో అక్కడ ‘ఇరుగుపొరుగు పండుగ’ ఆరంభమైంది. ఒకే భవనంలో ఉండేవారు ఏడాదికొక సాయంత్రం తలా ఒక వంటకంతో కలుసుకోవడమే ఆ పండుగ. అది క్రమంగా ఇతర దేశాలకు కూడా వ్యాపించింది.

ఇటువంటి వేడుకను తెలుగు నగరాలలో జరుపుకోవడం కష్టమేమీ కాదు. ఒక వీధి, ఒక సాయంత్రం చాలు. రాకపోకలు ఆపవలసివస్తే ముందుగా పోలీసుల అనుమతి పొందాలి. అంబులెన్సు వెళ్ళడానికి ఎల్లవేళలా దారి విడిచి ఉంచాలి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియంత్రణ నియమాలు రాత్రి 10 గంటల తరువాత మైకుల వాడకాన్ని నిషేధిస్తున్నాయి. పసిపిల్లలూ రోగులూ ఉన్న వీధిలో అంతకుముందే ఆపడం మర్యాద. ఒక ఇంటినుండి పులిహోర, మరొక ఇంటినుండి గారెలు, వేరొక ఇంటినుండి మజ్జిగ వస్తే విందు సిద్ధమవుతుంది. వసూలైన ప్రతి రూపాయికీ లెక్క అందరి ఎదుట చదివి వినిపించాలి. అన్నింటికంటే ముఖ్యంగా, నిన్న అద్దెకు దిగిన కుటుంబాన్నీ, కాపలాదారునూ, ఇస్త్రీబండి నడిపేవానినీ, తెల్లవారుజామున వీధి ఊడ్చే తల్లినీ పిలవాలి. వారిని పనికి కాక పంక్తికి పిలవాలి.

దీనివలన ఒరిగేదేమిటని కొందరు ప్రశ్నించవచ్చు. 1995 జూలైలో అమెరికాలోని చికాగో నగరంలో వడగాడ్పులకు 700 మందికి పైగా మరణించారు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ విపత్తును పరిశీలించి 2002లో ఒక గ్రంథం ప్రచురించాడు. పేదరికంలో దాదాపు సమానమైన రెండు పొరుగు పేటలను ఆయన పోల్చి చూశాడు. అంగళ్ళతో, జనసంచారంతో వీధులు కళకళలాడిన పేటలో మరణాలు చాలా తక్కువ. వీధులు నిర్మానుష్యమైన పేటలో ఎన్నో రెట్లు ఎక్కువ. బయటికి రావడానికి జంకిన వృద్ధులు మూసిన గదులలోనే కన్నుమూశారు.

ఉత్తరాంధ్రకు వడగాడ్పులూ కొత్తకాదు, తుఫానులూ కొత్తకాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం తీరాన్ని అతలాకుతలం చేశాయి. చెట్లు కూలాయి, విద్యుత్తు నిలిచిపోయింది, ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. అటువంటి వేళ ప్రభుత్వ సహాయం చేరేలోపు మనిషికి మొదట అందేది పక్కింటివారి చేయి. ఏ ఇంట్లో నడవలేని వృద్ధులున్నారో, ఎవరికి మందు కావాలో పొరుగువారికి ముందే తెలిసి ఉంటే ఒక ప్రాణం నిలుస్తుంది. ఆ తెలివిడి గాలివాన వచ్చిన రాత్రి పుట్టదు. చందా పుస్తకంతో గడప తొక్కిననాడు, ఒకే పంక్తిలో కూర్చుని తిన్ననాడు అది పుడుతుంది.

పందిరి మరునాడు విప్పేస్తారు, దీపాలు తీసేస్తారు. పేరు పెట్టి పలకరించుకునే చనువు మాత్రం వీధిలో మిగులుతుంది. ఆ చనువును మిగల్చగలిగిన వేడుకే సంబరమనే పేరుకు తగినది.