పాట ఎవరిది: కట్టినోళ్లదా, పాడినోళ్లదా?

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ధర్మవరం చుట్టుపక్కల తండాల పిల్లలం ఏడుగురం కలిసి పెళ్లిళ్లకు, జాతరలకు పాటకచ్చేరీలు చేస్తున్నాం. ఇప్పుడు మా ట్రూపులో ఒక పంచాయితీ నడుస్తాంది. "రిహార్సల్స్ పెట్టేది, అందరినీ నడిపేది నేను, నాకు ఎక్కువ రావాల" అంటాడు కీబోర్డ్ అన్న. "జనం వచ్చేది నా గొంతు వినడానికే" అంటుంది పాడే చెల్లి. ఇద్దరిదీ నిజమే. అందుకే మొన్న కూర్చొని ఇళయరాజా గారి గురించి, బాలు గారి గురించి మాట్లాడుకున్నాం.

బాలు గారు మనకు దూరమోడేం కాదు. మన అనంతపురంలోనే ఇంజనీరింగ్‌లో చేరి, టైఫాయిడ్ వచ్చి ఆపేసినారు. 1966లో కోదండపాణి గారు ఆయనతో మొదటి సినిమా పాట పాడించినారు. ఆ కాలంలో మద్రాసులో బాలు గారికి ఒక ట్రూపు ఉండేది, లీడర్ ఆయనే. అందులో గిటారు, తర్వాత హార్మోనియం వాయించింది ఎవరనుకున్నారు? ఇళయరాజా! పణ్ణైపురమనే పల్లె నుంచి వచ్చి, అన్నదమ్ములతో ఊరూరా పాడినాయన.

1976లో 'అన్నక్కిళి' వచ్చినాక తక్కెడ అటు తిరిగింది. ఇళయరాజా చెప్పేది, బాలు గారు పాడేది. 'సాగర సంగమం', 'రుద్రవీణ' రెండిటికీ ఇద్దరికీ జాతీయ అవార్డులు వచ్చినాయి, ఒకరికి సంగీతానికి, ఒకరికి పాటకు.

2017లో బాలు గారు అమెరికాలో కచ్చేరీలు చేస్తుంటే, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని ఇళయరాజా గారి తరఫున లాయర్ నోటీసు పోయింది. స్నేహితుడికి నోటీసా అని మాలో సగం మందికి కోపం. కానీ టికెట్లు అమ్మే కచ్చేరిలో ట్యూన్ కట్టినాయన హక్కు అడిగితే తప్పెట్లవుతుంది? అడిగిన తీరు మాత్రం మాకూ నచ్చలేదు. ఒక ఫోన్ చేసుంటే పోయేదేమో. 2019లో మళ్లీ ఒకే స్టేజీ ఎక్కినారు. ఆ మరుసటేడు సెప్టెంబర్ 25న బాలు గారు పోయినారు.

మా దాంట్లో ఇంకో చిక్కుంది. మేం పాడే గోర్ బోలి పాటలు అన్న కట్టినవీ కావు, చెల్లి రాసినవీ కావు. తీజ్ పండగప్పుడు తండాలో ఆడోళ్లు పాడేవి, ఒక అవ్వ దగ్గర కూర్చొని నేర్చుకున్నాం. రేపు యూట్యూబ్‌లో పెడితే కింద ఎవరి పేరు రాయాల?

అందుకని ఒక లెక్క వేసినాం. వచ్చిన డబ్బులో ముందు సౌండ్ బాక్సుల బాడుగ, ఆటో చార్జీ. మిగిలింది ఎనిమిది భాగాలు: ఏడు మావి, ఎనిమిదోది అవ్వకు. వీడియో కింద మొదట తండా పేరు, అవ్వ పేరు. చెల్లి సరే అనింది. అన్న ఇంకా ఆలోచిస్తాన్నాడు. వచ్చే నెల పెనుకొండలో పెళ్లి కచ్చేరి ఉంది, ఆలోపల తేలాల. మీ ఊర్లలో ట్రూపులున్నోళ్లు ఎట్లా పంచుకుంటున్నారో కింద రాయండి.