పులసా? రొయ్యా?

కొత్త ఊరు వెళితే మనల్ని ఎవరైనా మొదట అడిగేది “భోజనం అయిందా?” అని. కలకత్తాలో మా మిత్రుడి ఇంట్లో గుమ్మం దాటకుండానే నన్నడిగిన ప్రశ్న మాత్రం “మీరు ఏ జట్టు?” అన్నది.

2023 సెప్టెంబరు 1వ తేదీ శుక్రవారం, ఒక సదస్సులో వ్యాసం చదవడానికి వెళ్ళి ఆయన ఇంట్లో దిగాను. ఆదివారం నాడు డ్యూరాండ్ కప్పు ఫైనలు. ఒక పక్క మోహన్ బగాన్, మరో పక్క ఈస్ట్ బెంగాల్. ఆగస్టు 12న ఇదే పోటీలో ఈస్ట్ బెంగాల్ ఒక గోలుతో నెగ్గింది. 2019 జనవరి తర్వాత ఈ ప్రత్యర్థి మీద వాళ్ళకదే తొలి గెలుపు. అందుచేత ఒకరు పరువు నిలుపుకోవాలనీ, మరొకరు మళ్ళీ కొట్టాలనీ నగరమంతా ఉడికిపోతూ ఉంది.

మా మిత్రుడిది ‘ఘొటీ’ కుటుంబం, అంటే తరతరాలుగా పశ్చిమ బెంగాలులోనే ఉన్నవారు. వీళ్ళది మోహన్ బగాన్. 1889లో పుట్టిన క్లబ్బు. 1911లో ఆ జట్టువాళ్ళు, చాలామంది బూట్లు కూడా లేకుండా, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1 గోల్స్‌తో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచారు. ఆ సంగతి ఆయన నిన్నో మొన్నో జరిగినట్టు చెబుతాడు.

ఆయన భార్యది ‘బాంగాల్’ కుటుంబం, అంటే నదులు దాటి తూర్పు నుంచి వచ్చినవారు. వీళ్ళది 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్. పచ్చ, మెరూను రంగులు వాళ్ళవి. ఎరుపు, పసుపు వీళ్ళవి. వాళ్ళు గెలిస్తే రొయ్యల కూర, వీళ్ళు గెలిస్తే ఇలిశ చేప. ఇలిశ అంటే మరేదో కాదు, మన గోదావరి పులసే! ఈ ముక్క చెప్పగానే ఇంట్లో ఉన్న ఆయన అత్తగారు నన్ను తమ పక్షంలో కలిపేసుకున్నారు.

“పులస తినేవాడివి, పైగా తెలుగువాడివి. మా బలరాం మీ హైదరాబాదు వాడేగా నాయనా!” అన్నారావిడ. నిజమే. సికిందరాబాదులో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కి ఆడి, 1960లో రోము ఒలింపిక్సులోనూ, 1962లో జకార్తాలో స్వర్ణం గెలిచిన భారత జట్టులోనూ ఆడినవాడు. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలోనే కన్నుమూశాడు. ఆవిడ ఆయనను పోయిన తమ్ముణ్ణి తలుచుకున్నట్టు తలుచుకున్నారు.

శనివారం ఉదయం మిత్రుడితో కలిసి మైదాన్‌కి వెళ్ళాను. విశాలమైన ఆ పచ్చిక మీదే రెండు క్లబ్బుల ఆటస్థలాలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. తండ్రులు పిల్లల్ని భుజాలకెత్తుకుని రంగు గుడ్డలు కొనిపెడుతున్నారు. తిరునాళ్ళలో ఉన్నట్టే ఉంది.

మా మిత్రుడి ముఖంలో మాత్రం ఆ సందడి లేదు. ఆయనకు పదేళ్ళ కొడుకు. స్టేడియంలో రెండు జట్ల వాళ్ళకూ వేరు వేరు గ్యాలరీలు. కుర్రవాడికోసం తండ్రి ఒక టిక్కెట్టు తెచ్చాడు. మేనమామ (బెంగాలీలోనూ ‘మామా’యే) అవతలి గ్యాలరీకి ఇంకొకటి తెచ్చాడు. ఎవరి పక్కన కూర్చోవాలో కుర్రవాడే తేల్చుకోవాలి.

ఆ రాత్రి వాడు అమ్మమ్మ దగ్గర చేరి, “దిదా, ఈస్ట్ బెంగాల్ ఎక్కడుంది? మా అట్లాసులో లేదే!” అన్నాడు.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. “నేను అయిదేళ్ళ పిల్లనై మా అమ్మ కొంగు పట్టుకుని బారిసాల్ నుంచి వచ్చేశాను. 1955లో దాన్ని తూర్పు పాకిస్తాన్ అన్నారు, 1971లో బంగ్లాదేశ్ అయింది. మా ఊరి పేరు నాకు గుర్తే, కాని మా దేశం పేరు పటంలో లేదురా. ఇక్కడి ఆటగాళ్ళ చొక్కా మీద ఉంది” అన్నారు.

నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. గోదావరి ఒడ్డున ఆవిడ పుట్టిన పల్లె ముంపులో ఖాళీ అయిపోయింది. ఇప్పటికీ ఎవరడిగినా ఆ ఊరి పేరే చెబుతుంది. పోయిన ఊరికి ఇక మిగిలేది పేరే కదా!

మర్నాడు కుర్రవాడు ఎర్ర చొక్కా తొడుక్కుని మామ చెయ్యి పట్టుకున్నాడు. తండ్రి ముఖం చిన్నబోయింది. అయినా వంగి వాడి బూట్ల తాళ్ళు బిగించాడు.

నాతో మాత్రం మెల్లిగా అన్నాడు: “1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల ఆటలోనే గొడవ జరిగి పదహారు మంది పోయారు. మా నాన్న ఆ రోజు చెప్పులు లేకుండా ఇల్లు చేరాడు. అప్పటినుంచీ మా ఇంట్లో పంతం కంచం దాకానే. గుమ్మం దాటకూడదు.”

నాకు టిక్కెట్టు దొరకలేదు. పెద్దావిడ పక్కన కూర్చుని టీ.వీ.లో చూశాను. రెండో సగంలో మోహన్ బగాన్ ఆటగాడొకడికి రెడ్ కార్డు చూపించారు. “పది మందే మిగిలారు, ఇక మనదే!” అని ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. 71వ నిమిషంలో ఆ పది మందిలోంచే పెట్రటోస్ గోలు కొట్టాడు. చివరికి అదొక్కటే గోలు. వీధిలో టపాకాయలు పేలాయి. ఆవిడ నా చెయ్యి వదిలి, చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

రాత్రి ముగ్గురూ కలిసే వచ్చారు. గెలిచిన తండ్రి తన రంగు గుడ్డను మడిచి సంచిలో పెట్టుకున్నాడు. కుర్రవాడి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

సోమవారం ఆ ఇంట రొయ్యల కూర. కొబ్బరి కోరింది పెద్దావిడే. మనవడు కంచం ముందు మొండికేసుకు కూర్చుంటే రెండు రొయ్యలు వడ్డించి, “ఓడినవాళ్ళకి ఆకలుండదని ఎవరు చెప్పార్రా? తిను. వచ్చేసారి మీ నాన్న చేత ఇలిశ తెప్పిస్తాను” అన్నారు. “తప్పకుండా తెస్తాను” అన్నాడు తండ్రి. వాడు ముద్ద కలిపాడు.

ఇంటికొచ్చి ఈ కథంతా మా అమ్మకు చెప్పాను. సాంతం విని, “ఇంతకీ నువ్వెటు కూర్చున్నావురా?” అంది.

“ఆ పెద్దావిడ పక్కన.”

“మంచి పని చేశావు” అంది అమ్మ.