కారు నెత్తిన టెంటు, బాపు లెక్క

మన ఐటీ వాళ్ళకి ఓ జబ్బుంది. వారమంతా ఏసీలో కూర్చుని, శుక్రవారం సాయంత్రం కాగానే ప్రకృతి గుర్తొస్తుంది. ఆ జబ్బుకి ఈ మధ్య వచ్చిన ఖరీదైన మందు, కారు నెత్తిన బిగించుకునే హార్డ్‌షెల్ టెంటు. నేనూ ఒకటి కొన్నాను (లక్షన్నర పైమాటే, ఈఎంఐ ఇంకా నడుస్తోంది). కొందామనుకునే వాళ్ళకి పనికొస్తుందని నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తున్నా.

చూడ్డానికి ఇదొక పెద్ద సూట్‌కేసు. పైన ఫైబర్‌గ్లాస్ లేదా అల్యూమినియం పెంకు, లోపల గుడ్డ గోడలు, పరుపు. గొళ్ళేలు తీసి కాస్త ఎత్తితే మిగతాది గ్యాస్ స్ట్రట్లే లేపేస్తాయి, డిక్కీ తలుపు లేచినట్టు. నిచ్చెనేసుకుని ఎక్కి పడుకోవడమే. పాము, తేలు, బురద బాధ ఉండదు.

అసలు సంగతంతా బరువులో ఉంది. కారు మాన్యువల్‌లో రూఫ్ లోడ్ అని ఒక అంకె ఉంటుంది. చాలా ఎస్‌యూవీలకి అది 50 నుంచి 100 కిలోల మధ్యే. టెంటే 60, 70 కిలోలుంటుంది, దాన్ని మోసే అడ్డ కమ్మీలు అదనం. మరి ఇద్దరు మనుషులెక్కితే? ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఆ అంకె బండి కదులుతున్నప్పటిది. బ్రేకు వేసినా, మూల తిరిగినా, గుంతలో దిగినా నెత్తి మీది బరువు బండిని లాగుతుంది. ఆగి ఉన్న బండి అంతకంటే చాలా ఎక్కువే మోస్తుంది. సర్వర్ మామూలు రోజు మోసేది వేరు, పండగ సేల్ రోజు మోసేది వేరు కదా, అలాగన్నమాట. కారు కప్పు, రెయిల్స్, అడ్డ కమ్మీలు... మూడింటికీ మూడు అంకెలుంటాయి. వాటిలో అన్నిటికన్నా చిన్నదే మీ అంకె.

మాది గోదావరిఖని. బాపు ముప్పై ఏళ్ళకి పైగా సింగరేణి అండర్‌గ్రౌండ్ బాయిలో కప్పుకి సపోర్టు పెట్టే పని చేస్తున్నాడు. బొగ్గు తీసిన చోట పైనున్న రాయి దిగకుండా, దాన్లోకి రంధ్రాలేసి ఇనుప రాడ్లు దింపి సిమెంటుతోనో రెసిన్‌తోనో బిగిస్తారు. రూఫ్ బోల్టింగ్ అంటారు. కింద నిలబడే ముందు కప్పుని రాడ్డుతో తట్టి వింటారు. గట్టిగా మోగితే సరే, బోలుగా మోగితే ఆ కింద నిలబడరు. బాపు నైట్ షిఫ్టుకి వెళ్తే, తెల్లారి ఇంటికొచ్చేదాకా అమ్మది సగం నిద్రే.

టెంటు ఎక్కించడానికి క్వార్టర్ల దగ్గర నలుగురం పట్టాం. అందరూ టెంటు ఎలా తెరుచుకుంటుందో చూస్తుంటే బాపు మాత్రం కిందికి వంగి బోల్టులు చూస్తున్నాడు.

"గింత బరువు గీ ఎనిమిది బోల్టుల మీదనేనారా? ఎంత మోస్తదో యాడనన్న రాసిండ్రా?"

మాన్యువల్ చదివి వినిపించాను. మంథని దాకా ఒకసారి పోయొచ్చి మళ్ళీ బిగించమన్నాడు. "కొత్త బోల్టు ఒక్కసారికి కూసోదు." టెంటుతో వచ్చిన కాగితంలోనూ అదే ఉంది, కొన్ని కిలోమీటర్లు నడిపాక బోల్టులు మళ్ళీ చూసుకోవాలని. నిజంగానే రెండు బోల్టులు అర చుట్టు తిరిగాయి.

2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర. కాటారం, భూపాలపల్లి మీదుగా వెళ్ళాం. అక్కడ మన టెంటుకి పెద్ద గొప్పేం లేదు. ట్రాక్టర్ ట్రాలీకి ఒక టార్పాలిన్ కట్టి, రెండు కర్రలు పాతి, కింద గడ్డి పరిచి పదిహేను మంది హాయిగా పడుకుంటారు. తరాలుగా అంతే. నా లక్షన్నర డబ్బాలో పట్టేది ఇద్దరు! అమ్మ నిచ్చెన చూసి దండం పెట్టి (మోకాళ్ళు మరి) టార్పాలిన్ కిందికే పోయింది.

బాపు ఎక్కాడు. ఎక్కగానే పెంకుని వేళ్ళతో తట్టి, "ఇది బోలుగనే మోగుతది" అని నవ్వాడు. తల దగ్గర కిటికీ పూర్తిగా తీయించి పడుకున్నాడు. పొద్దున ఆయనే అన్నాడు: "నెత్తి మీద ఏమున్నదో చూస్కుంటనే బతికిన బిడ్డా. రాత్రి చూస్కోలె."

ఆ మాట తర్వాత ఈఎంఐ గురించి ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ బాధపడటం మానేశాను. అలాగని అందరూ కొనండని మాత్రం అనను. మా రామగుండం ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఇది పొయ్యి మీద మూకుడే. చలికాలం కిటికీలు కాస్త తీయకపోతే మన ఊపిరి తడికే తెల్లారేసరికి పరుపు చెమ్మగిల్లుతుంది, అలాగే మూసేస్తే బూజు. గాలి తగిలి మైలేజీ పడుతుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పడుతుందో లేదో ముందే టేపు పెట్టి కొలుచుకోండి. బండి బాడీకి రంధ్రాలేయించొద్దు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు.

ఏడాదికి రెండుసార్లు వాడేవాళ్ళయితే అద్దెకి తీసుకోవడం మేలు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ముందు వాళ్ళు నిచ్చెన ఎక్కగలరో లేదో చూడండి. ఎక్కగలిగితే మొదటి రాత్రి వాళ్ళకే ఇవ్వండి. మనకేం, శనివారాలు చాలా ఉన్నాయి. బాపు రిటైర్మెంట్‌కి ఇంకా కొన్ని నెలలుంది, అప్పటిదాకా ఆయన షిఫ్టులు ఆయనవే.