బిట్ల వెనుక కథ

మా అక్కయ్య కొడుకు హైదరాబాదులో చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చుని సివిల్స్‌కీ, గ్రూప్స్‌కీ చదువుతున్నాడు. ఇది మూడో ప్రయత్నం; బావగారి రిటైర్మెంట్ కూడా దగ్గరపడింది. మొన్న ఫోన్ చేసి, "మామయ్యా, దుక్మ్, నసీమ్ అల్ బహర్... ఈ పేర్లు ఎంత చదివినా నిలవడం లేదు" అన్నాడు. వాడికవి కరెంట్ అఫైర్స్ బిట్లు. ఒమాన్‌లో ఉన్న మనకు ఇంటి పక్క సంగతులు!

మ్యాపు తీయమన్నాను. దుక్మ్ రేవు అరేబియా సముద్రం ఒడ్డున ఉంది. అక్కడికి చేరడానికి ఓడలు హోర్ముజ్ జలసంధి దాటనక్కర్లేదు. ఆ రేవును మన నౌకాదళం వాడుకునేందుకు 2018లో అంగీకారం కుదిరింది. 'నసీమ్ అల్ బహర్' అంటే సముద్రపు గాలి. 1993 నుంచి రెండు దేశాల నౌకాదళాలు కలిసి చేస్తున్న విన్యాసాల పేరు. "రెండూ ఒకే కథ కదా మామయ్యా!" అన్నాడు.

సివిల్స్ ప్రిలిమ్స్ మొదటి పేపరులో 2 గంటలకు 100 ప్రశ్నలు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. అరకొరగా గుర్తున్న బట్టీ అక్కడ ముంచేస్తుంది. కారణం తెలిసిన విషయం మాత్రం మరుపు రాదు.

పిల్లలూ! 2025 డిసెంబరు 18న మన మస్కట్‌లోనే భారత్, ఒమాన్ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఎందుకు చేశాయి? ఎవరికేమి లాభం? అమ్మానాన్నలను అడగండి. వాళ్ళకూ తెలియకపోతే మరీ మంచిది, అందరూ కలిసి వెతకండి!