ఇంట్లో టెస్ట్ సరే... చేయగలుగుతున్నామా?

నాకు అల్సరేటివ్ కొలైటిస్ ఉంది. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడే జబ్బు. నాలుగేళ్లుగా ఉద్యోగం, సినిమాలు, ప్రయాణాలు అన్నీ దీంతోనే. కొత్త చోటికి వెళ్తే అందరూ వైఫై పాస్‌వర్డ్ అడుగుతారు. నేను బాత్రూమ్ ఎక్కడో అడుగుతా.

ఇందులో చిక్కేంటంటే, పైకి బాగానే ఉన్నా లోపల వాపు మొదలై ఉండొచ్చు. ప్రతిసారీ కొలనోస్కోపీ చేయలేరు కదా! అందుకే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ ఎంతుందో చూస్తారు. వాచిన పేగు దగ్గరికి చేరే తెల్ల రక్తకణాల నుంచి వచ్చేదే ఇది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే సాధారణంగా భయం లేదు. 250 దాటితే డాక్టర్లు సీరియస్‌గా తీసుకుంటారు.

నేనిప్పుడు ఇంగ్లండ్‌లో ఉంటున్నా. ఈ టెస్ట్‌ని ఇంట్లోనే చేసుకునే కిట్లు ఇక్కడ ఉన్నాయి. గాట్లున్న చిన్న పుల్లతో కొంచెం మలం తీసి, ద్రవం ఉన్న గొట్టంలో పెట్టి, బాగా కుదిపి, చుక్కలు స్ట్రిప్ మీద వేయాలి. కోవిడ్ టెస్ట్‌లో లాగే గీతలొస్తాయి. ఫోన్‌తో ఫొటో తీస్తే యాప్ అంకె చెప్పి ఆస్పత్రికీ పంపేస్తుంది. వినడానికి భలే ఉంది కదూ!

పోయినేడాది, ఈ కిట్ వాడటం పేషెంట్లకు ఎంత తేలికో చూస్తున్నాం, వస్తారా అని ఆస్పత్రి వాళ్లు అడిగారు. వెళ్లా. నిజమైన మలం కాదులెండి, అలాంటి ముద్దేదో ఇచ్చారు. నర్సు పక్కనే కూర్చుంటుంది కానీ సాయం చేయదు. మనం ఎక్కడ ఆగుతున్నామో, ఏ పేజీ మళ్లీ తిప్పుతున్నామో రాసుకుంటుంది, అంతే.

నాకు ఇట్టే అయిపోయింది. పక్క టేబుల్ దగ్గర ఓ గుజరాతీ పెద్దావిడ. పేగు వాపు జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి కీళ్లనొప్పులూ వస్తాయి. గొట్టం మూత తిప్పడానికే ఆవిడ వేళ్లు సహకరించలేదు. సూచనలేమో ఇంగ్లిష్‌లో. “దీనికి కూడా కోడలిని పిలవాలా?” అని నాతో హిందీలో అంది. నవ్వుతూనే అంది కానీ, ఆ నవ్వులో సిగ్గు నాకు తెలుసు.

చివర్లో 10 వాక్యాల ఫారం ఇచ్చారు. 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన ‘సిస్టమ్ యూజబిలిటీ స్కేల్’ అది. ఒక్కో వాక్యానికి 1 నుంచి 5 వరకు మార్కు వేస్తే, లెక్కకట్టి 100కి స్కోరు ఇస్తారు. 68ని సగటుగా చూస్తారు. నేను మంచి మార్కులే వేశా. కానీ మా ఇద్దరి మార్కులూ కలిపి సగటు తీస్తే ఆవిడ వేళ్లు అందులో కనిపించవు. అందుకే ఫారం కింద రాశా: జబ్బు తిరగబెట్టి రోజుకు పదిసార్లు పరుగెత్తేవాళ్లను, కీళ్లు పట్టేసినవాళ్లను, ఇంగ్లిష్ రానివాళ్లను విడిగా అడగండి అని. ఈ టెస్ట్ ఎక్కువగా కావాల్సింది వాళ్లకే.

ఇదేదో సుఖం కోసం అడిగే కోరిక కాదు. పేగు క్యాన్సర్ స్క్రీనింగ్ కోసం ఇంగ్లండ్‌లో ఇళ్లకు కిట్లు పోస్టులో పంపిస్తారు. పాత కిట్‌కి మూడు వేర్వేరు సార్లు శాంపిల్ తీయాలి. ‘ఫిట్’ అనే కొత్త టెస్ట్‌కి ఒక్కసారి చాలు. 2014లో దాన్ని కొంతమందికి పంపి చూస్తే, టెస్ట్ చేసుకున్నవాళ్లు సుమారు 59 శాతం నుంచి 66 శాతానికి పెరిగారు. తర్వాత 2019లో పాత కిట్ స్థానంలో దాన్నే తెచ్చారు. పని తేలికైంది, అంతే. ముందు చేయనివాళ్లు కూడా చేశారు.

ఒక్కమాట. ఇంట్లో అంకె ఎక్కువొచ్చిందని మీ అంతట మీరే మందులు మార్చేయొద్దు. ఇన్ఫెక్షన్ ఉన్నా, ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్నా అది పెరగొచ్చు. డాక్టర్‌కి చూపించాల్సిందే.

ఈ కిట్లు రేపు మన ఊళ్లలోనూ మామూలైతే, సూచనలు తెలుగులో ఉండాలి, మూత అమ్మమ్మ వేళ్లకు కూడా తిరగాలి. మీకో, మీ ఇంట్లోవాళ్లకో ఏదైనా కిట్ ఇచ్చి “ఎలా ఉంది?” అని అడిగితే, మొహమాటానికి “బాగుందండీ” అనేయకండి. ఎక్కడ ఆగిపోయారో చెప్పండి. మీరు చెబితేనే తయారుచేసేవాళ్లకు తెలుస్తుంది.