తొలకరి జల్లులో పెరటి షికారు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. మే నెలాఖరుకి రాజమండ్రిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పెరట్లో మల్లెపాదుతో పాటు మనిషీ వడలిపోతాడు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశించి, గోదావరి మీదుగా చల్లగాలి తిరిగి, సన్నని జల్లు మొదలైతే ఊటీ దాకా పోనక్కరలేదు. వసారా మెట్టు నుంచి పెరటి గోడ వరకు చేసే ప్రయాణమే ప్రాణానికి హాయి.

అయితే మెట్టు దిగేముందు ఒక్క క్షణం చెవి ఒగ్గి వినండి. ఉరుము వినిపిస్తే దిగవద్దు. కొబ్బరిచెట్టు కింద, మామిడిచెట్టు కింద అసలే నిలబడరాదు. ఆఖరి ఉరుము తరువాత అరగంట ఆగి బయటికి రండి.

ఉరుము లేని జల్లయితే నిశ్చింతగా దిగండి. ముందుగా పలకరించేది మట్టివాసన. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే 'జియోస్మిన్' అనే పదార్థం, చినుకు తాకిడికి గాలిలోకి లేవడం దీనికి ఒక కారణం. ఆస్ట్రేలియాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు 1964లో ఈ వాసనకు 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. హాయిగా పీల్చండి. ఉబ్బసం ఉన్నవారు మాత్రం ఆయాసం అనిపిస్తే వెంటనే లోపలికి వచ్చేయాలి.

తులసికోట దాటితే పూలకుండీలు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగండి. డెంగ్యూ తెచ్చే దోమ మురికికాలువ కోసం వెతుక్కోదు. కుండీ కింది పళ్ళెం, పగిలిన బక్కెట్టు, కొబ్బరిచిప్ప, పాత టైరు దానికి చాలు. అది తడి అంచుకు అంటించిన గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు. తొలకరి నీరు తగలగానే పొదిగి, వారం పది రోజుల్లో దోమలై ఎగురుతాయి. కనుక నీళ్ళు పారబోస్తే సరిపోదు. వారానికొకసారి పీచుతో అంచులు గట్టిగా రుద్ది, బోర్లించాలి. ఈ దోమ పగటిపూటే కుడుతుందని మరవకండి. జ్వరం వస్తే ఆస్పిరిన్ వంటి మాత్రలు సొంతంగా మింగక, వైద్యుణ్ణి కలుసుకోండి.

బావిగట్టు దగ్గర నాచు జారుతుంది. ముసలివారికి చేయి అందించండి. వట్టికాళ్ళతో తిరగవద్దు. చక్కెరవ్యాధి ఉన్నవారికి ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. గాయమైతే సబ్బునీళ్ళతో కడిగి, ధనుర్వాతం టీకా సంగతి వైద్యుణ్ణి అడగండి.

పెరటి చివర కట్టెలపోగు, ఎండిన కొబ్బరిమట్టలు ఉంటే అందులో చేయి పెట్టకండి. వానకు బొరియలు తడిసి పాములు, తేళ్ళు పొడిచోటు వెతుక్కుంటాయి. పాము కాటేస్తే కట్టు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం ప్రాణం మీదికి తెస్తాయి. కాటుపడిన కాలు కదలకుండా ఉంచి, నేరుగా ఆస్పత్రికి చేర్చాలి.

షికారు ముగిశాక తల తుడుచుకుని, పొడిబట్టలు కట్టుకోండి. వేలిసందులు తడిలేకుండా ఒత్తుకోండి. వానచినుకే జలుబు తెస్తుందని పిల్లల్ని కట్టిపడేయకండి. జలుబుకి మూలం వైరస్. అందుకని పిల్లలు కొంచెం తడిసినా కోప్పడక, వేడివేడి మిరియాలచారు పోయండి. మర్నాడు పొద్దున్నే ఆ పిల్లలచేతనే కుండీల కింది పళ్ళాలు బోర్లింపజేయండి.